గ్లాసిస్ మీద పెండ్లిమట్టి

గిద్యోనును చంపిన తూటా కింది నుంచి వచ్చింది.

అతను బురుజు మీద ఉన్నాడు. చిన్న మంగళారం ఊరు దాటాక, మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డుకు ఎడమ పక్క ఒక పాత గడీ ఉన్నది. దాని బురుజు ఎక్కితే రోడ్డు దాకా నేలంతా కనిపిస్తుంది. చెట్టు లేదు, బండ లేదు. గడ్డి మే ఎండకు మాడిపోయింది. గిద్యోను మెడలో సర్వే శాఖ బిళ్ల, చేతిలో బైనాక్యులర్స్. అతను చూస్తున్నది రోడ్డు అవతల ఉన్న ద్రాక్ష తోటను. తూటా గదవ కింద దిగి నడినెత్తి నుంచి పోయింది. అప్పుడు పట్టపగలు. రోడ్డు మీద బండి తోలుకుపోతున్న మనిషి చప్పుడు విన్నాడు, కాల్చినవాణ్ణి మాత్రం చూడలేదు. అసలు ఆ వాలు మీద మనిషే లేడని పోలీసులకు ప్రమాణం చేసి చెప్పాడు.

గిద్యోను సర్వే శాఖ మనిషి కాదు. అతని అన్న దయానందమూ కాదు.

సమాధి మీద మట్టి ఆరకముందే దయానందం హైదరాబాద్ చేరాడు. అబిడ్స్‌లో కుట్టుమిషన్లు అమ్మే దుకాణం పైన ఒక గది ఉన్నది. దుకాణం బోర్డు ఎవరైనా చదవొచ్చు. గదికి బోర్డు లేదు.

"కూర్చో," అన్నాడు చీఫ్.

దయానందం కూర్చోలేదు.

"తోటలో ఉన్నవాడి పేరు వెర్నర్. పాస్‌పోర్టులో ద్రాక్ష నిపుణుడు. అంతకు ముందు తన దేశంలో మిలిటరీ ఇంజనీరు. శనివారం చేవెళ్లలో ప్రత్యేక తెలంగాణ సభ. స్టూడెంట్లు మొయినాబాద్ నుంచి ఊరేగింపుగా నడుస్తారు. ఆ ఊరేగింపు మీద కాల్పులు జరగాలని, పోలీసులే కాల్చారని జనం నమ్మాలని వెర్నర్‌కు వైర్‌లెస్‌లో ఆర్డర్ అందింది. ఆ తరువాత ఈ రాష్ట్రంలో ఎవరి మాటా ఎవరూ వినరు. వాళ్లకు కావలసింది అదే."

"ఎక్కడి నుంచి కాలుస్తడు?"

"అది తెలుసుకోవడానికే గిద్యోను బురుజు ఎక్కాడు."

"ఆర్డర్ సంగతి మనకెవరు చెప్పిన్రు?"

"ఫ్రెనీ. సికింద్రాబాద్ పార్సీ అమ్మాయి. వెర్నర్ సెక్రటరీ. వాళ్ల దగ్గరా జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది. మంచి సరుకు ఎవరికి అమ్ముతోందో నాకింకా తేలలేదు."

"వెర్నర్‌ను ఇప్పుడే ఎత్తుకొస్త."

"వాడి దగ్గర ద్రాక్ష కత్తెర తప్ప ఏమీ దొరకదు. మర్నాడు వాళ్ల రాయబారి వచ్చి విడిపించుకుపోతాడు. తుపాకీతో దొరకాలి. ప్రాణంతో దొరకాలి. వాడి గూఢచారి రింగ్‌లో మిగతావాళ్ల పేర్లు నాకు కావాలి."

దయానందం తలుపు వైపు తిరిగాడు.

"నువ్వేమనుకుంటున్నావో తెలుసు. నిన్ను పంపకూడదనే అనుకున్నాను. కాని కోటల పని తెలిసిన మనిషి నా దగ్గర ఇంకొకడు లేడు. మరో మాట. ఊరేగింపు దగ్గర మనవైపు నుంచి ఒక్క తుపాకీ పేలినా వెర్నర్ పని మనం చేసిపెట్టినట్టే. అర్థమైందా?"

"మొదటిది అర్థమైంది సార్. రెండోది కూడ."

"మూడోది?"

"ఏది?"

"ప్రాణంతో."

దయానందం మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గడీ దగ్గర ఇన్‌స్పెక్టర్ బాల్‌రాజ్ కాచుకుని ఉన్నాడు. సుల్తాన్‌బజార్‌లో పుట్టి పెరిగినవాడు. చేవెళ్ల దుమ్ము అతనికి పడదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే మాట్లాడుతున్నాడు.

"గాలి, దయ్యం గిట్ల చేసిందేమో అనుకున్నం సార్. ఎక్కడ జూసినా బట్టబయలే. మనిషెట్ల దాక్కుంటడు?"

"దాక్కోవద్దనే కట్టిన్రు," అన్నాడు దయానందం.

నిజాం కొలువులోని ఒక ఫ్రెంచి ఇంజనీరు ఈ గడీ కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు. కట్టినవాడు ఎవరైనా పని తెలిసినవాడు. గోడ బయట కందకం. కందకం లోపలి వాలును స్కార్ప్ అంటారు, బయటి వాలును కౌంటర్‌స్కార్ప్ అంటారు. ఆ బయటి అంచు నుంచి రోడ్డు దాకా నేల కొద్దికొద్దిగా దిగుతుంది. దాని పేరు గ్లాసిస్. చూసేవాడికి అది ఉత్త బీడు. మిలిటరీలో దయానందం జవాన్లకు దాన్ని ఒకే మాటలో చెప్పేవాడు: శత్రువు ఎక్కే ప్రతి అడుగు మన తుపాకీకి కనిపించాలి. వాలు మీద గుంత ఉండకూడదు, దిబ్బ ఉండకూడదు. గుంత ఉంటే పైవాడి చూపు దాని మీదుగా పోతుంది గాని లోపలికి దిగదు. అలా చూపు దిగని చోటును డెడ్ గ్రౌండ్ అంటారు. ఒక్క డెడ్ గ్రౌండ్ ఉన్నా కోట సగం పడిపోయినట్టే.

దయానందం బురుజు దిగి, కందకం దాటి, వాలు మీద నడిచాడు. సగం దూరంలో ఒక గుంత అంచున ఆగాడు.

"అది ఆడోళ్లు మట్టి తవ్విన గుంత సార్," అన్నాడు బాల్‌రాజ్ వెనక నుంచి. "గోడలకు పూసుకుంటరట. మేమూ చూసినం."

"ఏ నెల ఇది?"

"మే."

"మే నెలల తవ్వేది చౌడు, ఇన్‌స్పెక్టర్ సాబ్. వానలకు ముందు మిద్దెల మీద పోస్తరు. అది చెరువు దిక్కు దొరుకుతది. ఎర్రమట్టి దసరాకు తవ్వుతరు, మా వాడోళ్లు క్రిస్మస్‌కు తవ్వుతరు. మా అవ్వ కోసం నేనే నెత్తిన మోసిన. ఎండకాలంల ఎర్రమట్టి తవ్విన్రంటే ఊర్ల పెండ్లి ఉండాలె. ఈ యేడు అందరు లొల్లి తగ్గినంక చేద్దామని ఆపుకున్నరు. ఒక్క పందిరి వెయ్యలే."

గుంతలోకి దిగాడు. గడీ వైపు గట్టు నిలువుగా చెక్కి ఉన్నది, ఛాతీ ఎత్తు. రోడ్డు వైపు అంచు తక్కువ. ఆ అంచు మీద మోచేతులు ఆన్చిన గుర్తులు రెండు. దయానందం తన మోచేతులు వాటిలో పెట్టి చూశాడు. ఎదురుగా రోడ్డు. వెనక్కి తిరిగి కూర్చుంటే గట్టు మీదుగా బురుజు కొస, దాని మీద మనిషి తల. కింద సన్నటి వాగు ఎండిపోయి, రోడ్డు కల్వర్టు కింది నుంచి తోట దాకా పోతున్నది. వచ్చిన దారీ అదే, పోయిన దారీ అదే.

"శనివారం మీ పికెట్ ఎక్కడ?"

"ఈ బురుజు మీదనే. ఊర్లన్నిటికి చెప్పినం, ఎవరు అల్లరి చెయ్యొద్దని."

"మంచి పని చేసిన్రు. వాడు గుంతల నుంచి రోడ్డు మీద కాలుస్తడు. రోడ్డు మీదోళ్లు తలెత్తి చూస్తే కనబడేది బురుజు, దాని మీద మీ టోపీలు."

బాల్‌రాజ్ రుమాలు తీసేశాడు.

"పూడ్చేద్దామా సార్?"

"పూడిస్తే వాడు రాడు. నాకు వాడు రావాలె."

మర్నాడు ద్రాక్ష తోటకు మోజంజాహీ మార్కెట్ నుంచి ఒక పండ్ల దలాల్ వచ్చాడు. గళ్ల లుంగీ, గడ్డం, నోట్లో పాన్, చంకలో ట్రాన్సిస్టర్. తోట గేటు దగ్గర మేస్త్రీ అంజయ్య అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"పండ్లన్నీ మార్చిలనే పోయినయి సేట్. ఇప్పుడేం కొంటవు, ఆకులా?"

"వచ్చే పంట మాట్లాడనీకి వచ్చిన భాయ్. ముందుగాల వచ్చినోనికి ముందుగాల పండు."

"శనివారం రాకు. కూలోళ్లందరం ఊరేగింపుకు పోతున్నం. దొరనే చెప్పించిండు, పొండ్రి, మీ హక్కు గదా అని. గసుంటి దొర ఎక్కడా దొరకడు."

ఆ దొర పందిరి కింద నిలబడి తీగ కత్తిరిస్తున్నాడు. దయానందం అతని చేతుల్ని చూశాడు. చేతులు తొందరపడటం లేదు. ఆ చేతులే సమాధికి పూలదండ పంపాయి. 'మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాను' అని దండకు కార్డు కట్టి ఉంటే, పాస్టర్ దాన్ని అందరి ముందూ చదివి దొరకు కృతజ్ఞతలు చెప్పాడు. తల్లి సారమ్మ ఆ దండను కళ్లకద్దుకుని కొడుకు మీద పెట్టింది.

పాన్ రసం మింగాల్సి వచ్చింది.

ఫ్రెనీ వరండాలోంచి వచ్చింది. తెల్ల చీర, నల్ల కళ్లద్దాలు, మెడలో వెండి లాకెట్. ఆమె నడిచి వస్తుంటే కూలీలు పని ఆపారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"తీగకు తెల్ల బూజు పట్టిందా బీబీ?" అన్నాడు దలాల్.

"పట్టింది. గంధకం చల్లినా పోలేదు," అంది ఫ్రెనీ. కోడ్ సరిపోయింది. నమూనాలు చూపిస్తానని అతన్ని పందిళ్ల చివరికి తీసుకుపోయింది.

"గడ్డం బాగాలేదు," అంది. "సమాధి దగ్గర నిన్ను చూశాను. అదే నడక."

"నా తమ్ముణ్ణి బురుజు ఎక్కమన్నది నువ్వేనా?"

"ఎక్కొద్దన్నది నేను."

"సాక్ష్యం?"

"నువ్వు పూడ్చిపెట్టి వచ్చావు."

దయానందం ఆమెను చాలాసేపు చూశాడు. నల్ల అద్దాల్లో అతనికి తన గడ్డమే కనిపించింది.

"లాకెట్‌లో మైకు గిద్యోను పెట్టిందే," అంది ఆమె. "శనివారం ఆన్‌లో ఉంటుంది. నీ ట్రాన్సిస్టర్‌లో విను. నన్ను నమ్మనక్కర్లేదు. విను చాలు."

ఆ సాయంత్రం అతను గడ్డం తీసేసి ఇంటికి పోయాడు. సారమ్మ గడప పక్కన కూర్చుని ఉన్నది. వాడకట్టు కరుణమ్మ, బీరమ్మ ఆమెకు ఇంత గట్క తాగించాలని చూస్తున్నారు.

"అవ్వా, పెండ్లిమట్టి ఎత్తాలె."

బీరమ్మ గిన్నె కింద పెట్టింది. "నీకేమన్న దయ్యం పట్టిందారా దయానందం? నెల తిరగని సావింట్ల పెండ్లిమట్టా?"

"పెండ్లి లేదు పెద్దమ్మా. మట్టే ఉన్నది. గిద్యోనును కొట్టినోడు పండుకున్న గుంత ఉన్నది. వాడు శనివారం మళ్ల వస్తడు. ఆ గుంత గట్టు నాకు తీసెయ్యాలె. పోలీసోళ్లు పారలు పట్టుకొని పోతే వాడు పసిగడతడు. మీరు పాటలు పాడుకుంట పోతే పసిగట్టడు."

"ఊరంత ఉమ్మేస్తది మన మీద."

"ఊరోళ్లకు తెలుసు గనుక ఉమ్మేస్తరు. ఆ తోటలున్నోనికి తెల్వదు. తెలిసిన అంజయ్య అసుంటోళ్లు ఆ పొద్దు తోటల ఉండరు. వాడే పంపించిండు."

"తోటల దొరనా?" అంది కరుణమ్మ. "దండ పంపినోడా?"

దయానందం తలూపాడు. సారమ్మ లేచింది. మూలకు ఉన్న గంప తీసి, తిరగేసి, దులిపింది.

"వాణ్ణి ఏం జేస్తవ్?" అంది కొడుకును.

"చంపుత."

"నా ముంగట చెయ్."

శనివారం పొద్దున ఎండ ముదరకముందే ఆడవాళ్లు వాలు మీదికి వచ్చారు. ముందు సారమ్మ, నెత్తిన పసుపు పూసిన గంప. వెనక బీరమ్మ, కరుణమ్మ, సుక్కమ్మ, ఇంకా వాడకట్టు వాళ్లంతా. కొందరి చేతుల్లో పారలు, కొందరి నెత్తిన నీళ్ల బిందెలు. పెండ్లి పాట ఎత్తుకున్నది బీరమ్మ. రెండో చరణంలో ఆమె ఆగిపోతే సుక్కమ్మ అందుకున్నది. సారమ్మ పాడలేదు, తవ్వింది.

దయానందం కందకంలో ఉన్నాడు. కౌంటర్‌స్కార్ప్‌కు వీపు ఆన్చి కూర్చున్నాడు. చెవిలో ట్రాన్సిస్టర్ తీగ. బురుజు మీద బాల్‌రాజ్ మనుషులు నిలబడ్డారు. వాళ్ల తుపాకులన్నీ దయానందమే ఖాళీ చేయించాడు.

చెవిలో ముందు గరగర, తరువాత ఇంగ్లీషులో వెర్నర్ గొంతు.

"వాళ్లు నా గుంతలో ఏం చేస్తున్నారు?"

"పెళ్లి కోసం మట్టి," అంది ఫ్రెనీ. "గోడలకు పూస్తారు."

"ఎవరింట్లో?"

"ఆ ముందున్న ముసలామె ఇంట్లో."

ఏదో సన్నగా కిర్రుమన్నది. బైనాక్యులర్స్ సరిచేసుకుంటున్నాడు కాబోలు.

"ఆమెను నేనెరుగుదును. మొన్ననే కొడుకు పోయాడు కదా?"

దయానందం ఊపిరి తీయడం మానేశాడు. ఫ్రెనీకి నిజం తెలుసు. తెల్ల చీర కట్టుకుని ఆ ఇంట్లో కూర్చుని వచ్చింది. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే వెర్నర్ ఇల్లు కదలడు, వాలు మీద సారమ్మకు అడ్డమూ లేదు.

"అందుకే," అంది ఫ్రెనీ. "చావు జరిగిన ఇంట్లో వెంటనే పెళ్లి చేస్తే మంచిదని ఇక్కడివాళ్ల నమ్మకం. పోయినవాడి తమ్ముడికి చేస్తున్నారు."

గిద్యోనుకు తమ్ముడు లేడు.

వెర్నర్ నవ్వాడు. "బుద్ధిమంతులు. దుఃఖం దాచుకోరు. గుంతను ఇంకా పెద్దది చేస్తున్నారు, నాకే మేలు. ఆ గంపలెందుకు అంచున పేర్చారు?"

"ఎండకు ఇళ్లకు పోతారు. చల్లబడ్డాక వచ్చి ఎత్తుకుంటారు."

"మట్టి నింపిన గంపలు. మేము వాటిని గేబియన్లు అంటాం. గట్టు కన్నా నయం."

దయానందం ఊపిరి వదిలాడు.

వెర్నర్ గంపల్ని సరిగ్గానే గుర్తుపట్టాడు. కాని వాటిలో మట్టి లేదు. బోర్లించిన గంపల మీద పైపైన మట్టి అద్ది పెట్టారు. వాటి వెనక నిలువు గట్టు లేదు. ఆడవాళ్లు దాన్ని కందకం అంచు నుంచి గుంత అడుగు దాకా ఏటవాలుగా చెక్కేశారు. చెక్కిన చోటంతా బిందెల నీళ్లు పోసి, మెత్తటి మట్టి కలిపి, ఇంటి అరుగు అలికినట్టు అలికారు. గ్లాసిస్‌ను ఆ ఫ్రెంచివాడు ఎలా వదిలిపెట్టాడో అలా చేశారు, ఇంకాస్త నున్నగా. పని అయ్యాక పాట పాడుకుంటూ ఊరివైపు నడిచి, గడీ చుట్టు తిరిగి, వెనక నుంచి ఒక్కొక్కరే కందకంలోకి దిగారు. సారమ్మ వచ్చి కొడుకు పక్కన కూర్చున్నది. ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

మొయినాబాద్ దిక్కు నుంచి నినాదాలు వినిపించాయి. జై తెలంగాణ అంటున్నారు. ముందు మాటలుగా తెలియలేదు, హోరుగా తెలిసింది. బాల్‌రాజ్ బురుజు మీద టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. వాగులో మనిషి కదిలాడని గుర్తు.

దయానందం అంచు మీదుగా చూశాడు. మట్టిరంగు దుప్పటి కప్పుకుని ఒక ఆకారం గుంతలోకి పాకింది. వెనక్కి తిరిగి గంపల వరసను చూసుకున్నది. తృప్తిపడ్డది. దుప్పటి కింద నుంచి రైఫిల్ గొట్టం బయటికి వచ్చింది. గంపల సందుల్లోంచి దయానందానికి అతని వీపంతా కనిపిస్తున్నది, మెడ నుంచి మడమల దాకా.

నడుముకు పిస్టల్ ఉన్నది. ఈ దూరంలో గురి తప్పేది కాదు. చెయ్యి దాని మీదికి పోయింది.

రోడ్డు మీద ఊరేగింపు మలుపు తిరిగింది. ముందు వరసలో స్టూడెంట్లు, వెనక కూలీలు, బ్యానర్ కర్ర పట్టుకుని అంజయ్య. ఇప్పుడు పిస్టల్ పేలితే వాళ్లంతా తలెత్తి బురుజు వైపు చూస్తారు. అక్కడ పోలీసు టోపీలు కనిపిస్తాయి. చచ్చి కూడా వెర్నర్ తన పని పూర్తి చేసుకుంటాడు.

పిస్టల్ తీసి తల్లి ఒళ్లో పెట్టాడు. చెప్పులు విడిచాడు. వెర్నర్ చెంప రైఫిల్‌కు ఆనింది. దయానందం అంచు దాటి వెల్లకిలా పడుకుని జారాడు.

అలికిన మట్టి చప్పుడు చెయ్యలేదు. గంపలు మాత్రం చేశాయి. వెర్నర్ సగం తిరిగాడు. దయానందం రెండు పాదాలూ అతని పక్కటెముకల్లో దిగాయి. రైఫిల్ మూతి బురదలోకి కూరుకుపోయింది. వెర్నర్ ట్రిగ్గర్ లాగలేదు, మట్టి నిండిన గొట్టం పేలితే తన మొహమే పోతుందని తెలిసినవాడు. కత్తి తీశాడు. దయానందం ఆ మణికట్టు పట్టుకుని నేలకేసి కొట్టాడు, కత్తి జారేదాకా. తరువాత గొంతు పట్టుకున్నాడు.

గుంతకు కొద్ది దూరంలో ఊరేగింపు నినాదాలు ఇస్తూ పోతున్నది. ఎవరూ ఇటు చూడలేదు.

"వాడు నా తమ్ముడు," అన్నాడు దయానందం ఇంగ్లీషులో.

వెర్నర్ మొహం నల్లబడుతున్నది. అయినా కళ్లలో భయం లేదు. తల పక్కకు తిప్పి తన చొక్కా కాలర్ కొసను పళ్లతో అందుకోవాలని చూస్తున్నాడు. కాలర్‌లో ఏదో చిన్న గట్టి వస్తువు కుట్టి ఉన్నది. సైనైడ్.

దయానందం వేళ్లు వదులయ్యాయి. చావు వీడికి శిక్ష కాదు, గేటు పాసు. పిడికెడు తడిమట్టి తీసి వెర్నర్ నోట్లో కుక్కాడు. కాలర్‌ను కుట్టుతో సహా చించేశాడు.

పైనుంచి సారమ్మ కూర్చుని జారుతూ దిగింది. పిస్టల్ కొంగులో ఉన్నది. వెర్నర్‌ను చూసింది, చినిగిన కాలర్ చూసింది.

"సావాలని జూస్తుండా?"

"అవునవ్వా."

"నువ్వు చంపుతనంటివి."

"అంటి."

సారమ్మ వెర్నర్ ముందు గొంతుక్కూర్చుని అతని కళ్లలోకి చూసింది. పోయిన కొడుకును చూడటానికి వచ్చినవాళ్లందరినీ అలాగే చూసింది ఆమె.

"సావనియ్యకు," అంది. "మన పోరడు పోయిండని వీడు దినాం నిద్ర లేవాలె. నూరేండ్లు బతకాలె."

వెర్నర్‌కు తెలుగు రాదు. కాని మొదటిసారి అతని కళ్లలో భయం కనిపించింది.

రింగ్‌లో మిగతావాళ్ల పేర్లు వారంలోపే చీఫ్‌కు అందాయి. వెర్నర్ మాకు తెలియదని అతని దేశం ప్రకటించింది, కనుక అతన్ని విడిపించుకుపోవడానికి ఏ రాయబారీ రాలేదు. ఫ్రెనీ సెలవు అడిగింది. రెండు చోట్లా ఒకేసారి ఉద్యోగం పోయినవాళ్లకు సెలవు ఎవరివ్వాలో తనకు తెలియదన్నాడు చీఫ్.

పేపర్లకు నాలుగు లైన్ల ప్రెస్ నోట్ పోయింది. దాన్ని దయానందం ఇంట్లో గడప మీద కూర్చుని తల్లికి చదివి వినిపించాడు: చేవెళ్ల రోడ్డులోని ఒక తోటలో పనిచేసే విదేశీ ద్రాక్ష నిపుణుడు ప్రమాదవశాత్తు మట్టి గుంతలో పడి గాయపడ్డాడు, దవాఖానలో చికిత్స పొందుతున్నాడు.

సారమ్మ బియ్యం చెరగడం ఆపింది.

"ఆడ గుంత యాడిది బిడ్డా? మేం సాపు జేస్తిమి గద. రాసేటోళ్లు జర వచ్చి చూసి రాయొద్దా?"